1కె ర్యామ్, ఫోర్త్ భాష: జూపిటర్ ఏస్ కడుతున్న డైరీ

మార్చి, మొదటి ఆదివారం

సర్క్యూట్ డ్రాయింగ్ ఏ3 సైజులో ప్రింటు తీయించి టేబుల్ ఎదురు గోడకి అంటించాను. కట్టబోయేది జూపిటర్ ఏస్ అనే పాత హోమ్ కంప్యూటర్. పేరు విన్నవాళ్ళే తక్కువ, వాడినవాళ్ళు ఇంకా తక్కువ.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 1982లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రిచర్డ్ ఆల్ట్‌వాసర్, స్టీవెన్ విక్కర్స్ అని ఇద్దరు జూపిటర్ కాంటాబ్ అనే చిన్న కంపెనీ పెట్టారు. ఇద్దరూ అప్పుడే సింక్లెయిర్ కంపెనీలో స్పెక్ట్రమ్ అనే కంప్యూటర్ పని చేసి బయటికొచ్చినవాళ్ళు. స్పెక్ట్రమ్ హార్డ్‌వేర్‌లో ఆల్ట్‌వాసర్ చెయ్యి ఉంది, దాని రోమ్‌లో చాలా భాగం విక్కర్స్ రాసిందే. అదే ఏడాది ఏస్ తెచ్చారు. ధర 89.95 పౌండ్లు. జడ్80ఎ ప్రాసెసర్, 8కె రోమ్ (చెరగని మెమరీ, 1కె అంటే 1024 బైట్లు), మొత్తం కలిపి 3కె ర్యామ్ (అందులో మన ప్రోగ్రాముకి దక్కేది 1కె), తెల్ల ప్లాస్టిక్ డబ్బా, రబ్బరు మీటలు. రంగుల్లేవు. ఆ రోజుల్లో దాదాపు ప్రతి హోమ్ కంప్యూటర్‌లోనూ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంటే, వీళ్ళు ఫోర్త్ పెట్టారు. 1983 నవంబరుకల్లా కంపెనీ మూతపడి రిసీవర్ల (దివాలా వ్యవహారం చూసేవాళ్ళ) చేతికి పోయింది. మిగిలిన సరుకుని మరుసటి ఏడాది బోల్డ్‌ఫీల్డ్ అనే సంస్థ తీసుకుని అమ్ముకుంది. మొత్తమ్మీద అమ్ముడైనవి కొన్ని వేలు. స్పెక్ట్రమ్ అమ్మకాలు యాభై లక్షలు దాటాయి.

అసలు ఏస్ కొందామంటే వేలంలో పలికే ధర నా జేబుకి అందేది కాదు. కట్టుకోవడం మాత్రం సాధ్యమే, దానికో కారణం ఉంది. సింక్లెయిర్ వాళ్ళ ఇంకో కంప్యూటర్ జడ్ఎక్స్81లోనూ స్పెక్ట్రమ్‌లోనూ యూఎల్ఏ అని ప్రత్యేకంగా చేయించిన చిప్ ఒకటి ఉంటుంది, అది బజార్లో దొరకదు. ఏస్‌లో అలాంటిదేం లేదు. బోర్డు నిండా బజార్లో దొరికే మామూలు టీటీఎల్ రకం 74ఎల్‌ఎస్ చిప్‌లే. ఇద్దరు మనుషుల కంపెనీకి సొంత చిప్ చేయించుకునే స్తోమత ఎక్కడిది? వాళ్ళ పేదరికం నలభై ఏళ్ళ తర్వాత నాకిలా పనికొచ్చింది.

ఒక్క నియమం పెట్టుకున్నాను. ర్యామ్ 3కె దాటకూడదు. 32కె చిప్ ఒకటి పెట్టేస్తే పని తేలిక, ధర కూడా తక్కువే. కానీ ఏస్ ఫోర్త్ వల్లే చచ్చిందని అందరూ తేల్చేశారు కదా, అది నిజమో కాదో ఆ 1కె ఇరుకులో కూర్చుంటే తప్ప తెలియదు.

మార్చి, రెండో వారం

పార్ట్స్ కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. జాబితా చూసి కొట్టతను నవ్వాడు.

"ఇవి ఇప్పుడెవరూ అడగట్లేదు సార్. ఆర్డువినో ఉంది, ఇవ్వనా?"

"వద్దు భయ్యా. 393లు ఉన్నాయా చూడు."

లోపలికెళ్ళి దుమ్ము పట్టిన ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. కౌంటర్లకు 393లు, మల్టీప్లెక్సర్లకు 157లు, షిఫ్ట్ రిజిస్టర్ 166, 245లు, కొన్ని గేట్లు దొరికాయి. సాకెట్లు, జనరల్ పర్పస్ బోర్డు కూడా అక్కడే అయిపోయాయి. 6.5 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, 2114 ర్యామ్ చిప్‌లు ఆన్‌లైన్లో చెప్పాను.

జడ్80 నా దగ్గర ముందునుంచే ఉంది. జిలాగ్ వాళ్ళు 2024 ఏప్రిల్‌లో ఇక వీటిని తయారుచెయ్యమని ప్రకటించి, జూన్ 14 వరకే ఆర్డర్లు తీసుకుంటామన్నారు. ఆ వార్త చూసి అప్పుడే కొన్ని తీసిపెట్టాను. 1976 నుంచి వచ్చిన చిప్ అది.

ఇంటికొచ్చాక ఆలోచించి మళ్ళీ వెళ్ళి ఆర్డువినో అనే ఆ చిన్న కంట్రోలర్ బోర్డు కూడా కొన్నాను. 2114లు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడానికి ఏదో ఒకటి కావాలి. కొట్టతను ఏమీ అనలేదు, నవ్వు మాత్రం అదే నవ్వు.

మార్చి చివర

ప్రాసెసర్‌కి ప్రాణం ఉందో లేదో చూసే పాత పద్ధతి ఒకటుంది. డేటా లైన్లు ఎనిమిదీ రెసిస్టర్లతో గ్రౌండుకి కట్టేస్తే ప్రాసెసర్ ఎక్కడ చదివినా సున్నా కనిపిస్తుంది. జడ్80లో సున్నా అంటే "ఏమీ చెయ్యకు, ముందుకు పో" అని ఆజ్ఞ. అలా 65,536 చిరునామాలూ వరసగా చదువుకుంటూ పోయి మళ్ళీ మొదటికొస్తుంది. 3.25 మెగాహెర్ట్జ్ క్లాకుకి, ఒక్కో ఆజ్ఞకి నాలుగు క్లాకులు చొప్పున లెక్కేస్తే, అన్నిటికన్నా పై అడ్రసు లైనుకి తగిలించిన ఎల్‌ఈడీ సెకనుకి పన్నెండు సార్లకి కాస్త పైన మిణుకుమనాలి.

మిణుకుమనలేదు. మా పై వాటాలో ఉండే పెద్దాయన ఈసీఐఎల్‌లో చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర రెండు చానళ్ళ ఆసిలోస్కోపు ఉంది. తీసుకుని కిందికి దిగొచ్చారు.

"ముందు క్లాక్ చూడవయ్యా. అది సరిగా లేకపోతే మిగతాదంతా చూసి ఏం లాభం?"

చూస్తే క్లాక్ ఉంది గానీ దాని పైకొన మూడు వోల్టుల దగ్గరే ఆగిపోతోంది. జడ్80కి క్లాకు కాలు మీద దాదాపు ఐదు వోల్టులదాకా లేవాలి. టీటీఎల్ గేటుకి ఆ ఓపిక ఉండదు. 330 ఓముల పుల్-అప్ (క్లాకు తీగని ఐదు వోల్టులవైపు లాగే రెసిస్టర్) ఒకటి టంకం పెట్టగానే ఎల్‌ఈడీ మిణుకుమంది. పెద్దాయన స్కోపు ఇక్కడే ఉంచుకోమన్నారు. "నాకిప్పుడెందుకది, మనవడు దాంట్లో ఫ్యాను స్పీడు చూస్తున్నాడు" అన్నారు. ఈ ప్రాజెక్టులో నాకు దక్కిన పెద్ద అదృష్టం అదే.

ఏప్రిల్

నెలంతా వీడియోకే పోయింది. ఏస్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

జడ్ఎక్స్81లో తెర మీద బొమ్మ వెయ్యడం ప్రాసెసర్ పనే. అందుకే బొమ్మ కనిపిస్తున్నంతసేపూ లెక్కలు నత్తనడక నడుస్తాయి. ఏస్‌లో తెర కోసం వేరే సర్క్యూట్ ఉంది, దానికంటూ వేరే ర్యామ్ ఉంది. 3కె లెక్క ఇలా పంచారు: 1కె తెరకి, 1కె అక్షరాల ఆకారాలకి, 1కె మన ప్రోగ్రాముకి. తెర 32 నిలువు వరసలు, 24 అడ్డు వరసలు, అంటే 768 బైట్లు. తెర 1కెలో మిగిలే ఆ 256 బైట్లని కూడా వదల్లేదు. ఫోర్త్ తాత్కాలికంగా మాటలు రాసుకునే ప్యాడ్‌ని అక్కడ సర్దారు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని అటక మీద పడుకోబెట్టినట్టు.

6.5 మెగాహెర్ట్జ్ చుక్కల క్లాకు. ఒక గీతకి 416 చుక్కల కాలం, అంటే సరిగ్గా 64 మైక్రోసెకన్లు. ఇలాంటి గీతలు 312 అయితే ఒక ఫ్రేము, సెకనుకి యాభై ఫ్రేములు. టీవీ ప్రమాణానికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. క్లాకుని రెండుతో భాగిస్తే ప్రాసెసర్‌కి 3.25. ఒకే క్రిస్టల్‌తో రెండు పనులు.

ఒక అక్షరం వెడల్పు ఎనిమిది చుక్కలు, 1.23 మైక్రోసెకన్లు. ఆ వ్యవధిలో రెండు చదువులు జరగాలి. మొదట తెర ర్యామ్ నుంచి "ఇక్కడ ఏ అక్షరం" అన్న కోడు రావాలి. ఆ కోడుకి "ఇప్పుడు అక్షరంలో ఎన్నో గీత" అన్న మూడు బిట్లు కలిపి రెండో ర్యామ్‌కి చిరునామాగా ఇస్తే ఎనిమిది చుక్కల నమూనా వస్తుంది. దాన్ని షిఫ్ట్ రిజిస్టర్‌లో వేస్తే ఒక్కో చుక్కా టీవీకి పోతుంది. కోడులో ఎనిమిదో బిట్ ఒకటైతే ఎక్స్‌ఆర్ గేటు నలుపుని తెలుపు, తెలుపుని నలుపు చేస్తుంది. ఇంతే. ఇంత చిన్న సర్క్యూట్ ఇంత పని చెయ్యడం చూస్తే ముచ్చటేస్తుంది.

ప్రాసెసరూ తెర సర్క్యూటూ ఒకే ర్యామ్ కోసం తన్నుకుంటే ఎలా? తెర ర్యామ్ రెండు చిరునామాల్లో కనిపించేలా చేశారు. ఒక చిరునామాలో ప్రాసెసర్‌దే ముందు మాట, రెండోదాంట్లో తెర సర్క్యూట్‌ది. తెరకి పెద్దరికం ఇస్తే ప్రాసెసర్ ఆగుతుంది, బొమ్మ శుభ్రంగా ఉంటుంది. ప్రాసెసర్‌కి ఇస్తే రాసిన ప్రతిసారీ తెర మీద తెల్ల నలుసులు పడతాయి. కావాల్సింది ప్రోగ్రామరే ఎంచుకోవాలి.

బొమ్మ చూడ్డానికి ఇంట్లో ఉన్న ఎల్‌ఈడీ టీవీ పనికిరాలేదు. కాంపోజిట్ సిగ్నల్‌లో సరి, బేసి ఫీల్డుల తేడా లేకపోతే దానికి గుర్తింపు లేదు, "నో సిగ్నల్" అంటుంది. గురువారం జుమ్మెరాత్ బజార్‌లో తిరిగి పద్నాలుగు అంగుళాల పాత పిక్చర్ ట్యూబ్ టీవీ పట్టుకొచ్చాను. దానికి ఏది పెట్టినా చూపిస్తుంది. రెండు రెసిస్టర్లు, ఒక బీసీ547 ట్రాన్సిస్టర్‌తో సింక్‌నీ బొమ్మనీ కలిపి లోపలికిచ్చాను. తెర నిండా పిచ్చి గుర్తులు కదలకుండా నిలబడ్డాయి. కరెంటు రాగానే ర్యామ్‌లో ఏముంటే అది. కదలకుండా నిలబడ్డమే అప్పటికి పండగ.

మే, మొదటి వారం

రోమ్ ఇమేజ్‌ని టీఎల్866 ప్రోగ్రామర్‌తో 28సీ64 చిప్‌లోకి ఎక్కించి సాకెట్‌లో గుచ్చాను. ఏస్ ఆన్ చేస్తే స్వాగత వచనాలేమీ రావు. నల్లటి ఖాళీ తెర, కింద ఎడమ మూల తెల్లటి చిన్న చదరం, అంతే. నాకు వచ్చింది తెర నిండా ఆశ్చర్యార్థకాలు. వరస వరసకీ ముప్ఫై రెండు '!' గుర్తులు.

ఇలాంటి లోపం దొరికితే నాకు కోపం రాదు, ఎందుకంటే అది తన పేరు తనే చెప్పుకుంటుంది. తెర తుడవడమంటే అన్ని గళ్ళలోనూ ఖాళీ గుర్తు రాయడం, దాని కోడు 32. ఆశ్చర్యార్థకం కోడు 33. అంటే ఎక్కడో చివరి బిట్ ఒకటి దగ్గరే అతుక్కుపోయింది. తెర ర్యామ్‌లో రెండు 2114లు ఉంటాయి, ఒకటి కింది నాలుగు బిట్లకి, ఒకటి పై నాలుగు బిట్లకి. రెండింటినీ అటుదిటు ఇటుదటు మార్చాను. ఈసారి తెర నిండా సున్నాలు. సున్నా అక్షరం కోడు 48, అంటే 32కి 16 కలిసింది. తప్పుడు బిట్ చిప్‌తోపాటు ప్రయాణం చేసింది. దొంగ దొరికిపోయాడు.

విచిత్రమేమంటే ఆ చిప్ ఆర్డువినో పరీక్షలో పాసైంది. ఆర్డువినో తాపీగా చదువుతుంది, చిప్‌కి బోలెడు టైము దొరుకుతుంది. ఇక్కడ 1.23 మైక్రోసెకన్లలో రెండు చదువులు అవ్వాలి. చిప్ మీద 200 నానోసెకన్లు అని ముద్ర ఉంది గానీ, వేలితో అసిటోన్ రాసి తుడిస్తే ఆ ముద్ర చెరిగిపోయి కింద వేరే అంకెలు బయటపడ్డాయి. ఎవరి దగ్గర కొన్నానో ఆ పేరు ఇక్కడెందుకులే. పాత సరుకు కొనేవాళ్ళు మాత్రం దూదీ అసిటోనూ దగ్గర పెట్టుకోండి.

వేరే చిప్ పెట్టాను. నల్లటి తెర, మూల తెల్ల చదరం.

మే, మూడో వారం

కీబోర్డు. నలభై టాక్ట్ స్విచ్‌లు, ఎనిమిది అడ్డు వరసలు, ఐదు నిలువు. డయోడ్లు ఎనిమిది. ఒక సాయంత్రం పని, చెప్పుకోదగ్గది ఏమీ లేదు. మీటల మీద అంటించడానికి స్టిక్కర్లు ప్రింటు చేయించాలి.

మే చివర, జూన్ మొదట

ఇప్పుడు అసలు విషయం. ఇరుకులో కాపురం.

ప్రోగ్రాముకి ఇచ్చిన 1కె 15360 చిరునామా దగ్గర మొదలవుతుంది. అందులోనే సిస్టమ్ తన సొంత లెక్కలు కొన్ని పెట్టుకుంటుంది, స్టాకులు (అంకెల్ని ఒకదాని మీద ఒకటి పేర్చుకునే చోట్లు) కూడా అందులోనే. మనకి చేతికొచ్చేది తొమ్మిది వందల బైట్ల పైచిలుకు. ఈ డైరీ మొత్తం అందులో పట్టదు.

ఫోర్త్‌ని ఛార్లెస్ మూర్ తయారుచేశాడు. టెలిస్కోపులు నడపడానికి చిన్న కంప్యూటర్లలో వాడిన భాష అది. లెక్క రాసే తీరు తిరగేసి ఉంటుంది: ముందు అంకెలు, తర్వాత పని. 3 4 + అని కొడితే మూడు, నాలుగు స్టాకు మీదికి ఎక్కుతాయి, + ఆ రెండిటినీ తీసి ఏడు పెడుతుంది. తెలుగువాడికి ఇందులో తలకిందులు ఏముందో నాకర్థం కాలేదు. "మూడూ నాలుగూ కలుపు" అంటాం, క్రియ చివరే వస్తుంది. ఇంగ్లీషు పత్రికలవాళ్ళు ఇది చూసి బెదిరిపోయారు పాపం.

కొత్త మాట నిర్వచించడం అంటే పాత మాటల్ని వరసలో పేర్చడమే. : అంటే మొదలు, ; అంటే ముగింపు. స్పీకరుతో మొదలుపెట్టాను. బీప్ అనే మాటకి రెండు అంకెలివ్వాలి: కంపన కాలం ఎనిమిది మైక్రోసెకన్ల లెక్కన, ఎంతసేపు మోగాలో మిల్లీసెకన్లలో. పౌనఃపున్యం కాకుండా కంపన కాలం అడగడం నాకు వీణ తీగ గుర్తు తెచ్చింది. తీగ పొడవు ఎంత తగ్గితే స్వరం అంత పైకి, అదే నిష్పత్తి. షడ్జమానికి 478 పెట్టుకుంటే శంకరాభరణం స్వరాలు వాటంతటవే వచ్చేస్తాయి: రి 425, గ 382, మ 358, ప 319, ద 287, ని 255, పై స 239. కాగితం మీద భిన్నాలు వేసుకుని రాసిన అంకెలే, చెవికి కూడా సరిగ్గా కుదిరాయి.

మొదట ఇలా రాశాను:

: స 478 500 బీప్ ;

(తెర మీద ఇంగ్లీషు అక్షరాలే, రెండక్షరాల పేర్లు. ఇక్కడ మన లిపిలో రాస్తున్నాను.) ఏస్‌లో ఒక మాటకి ఎంత చోటు పడుతుందో చూద్దాం. పేరుకి రెండు బైట్లు, పొడవుకి రెండు, ముందు మాటకి లంకె రెండు, పేరులో అక్షరాల సంఖ్యకి ఒకటి, ఏ రకం మాటో చెప్పడానికి రెండు. మొత్తం తొమ్మిది. ఆ తర్వాత ప్రతి అంకెకీ నాలుగు, ప్రతి మాటకీ రెండు (చివరి ; కూడా ఒక మాటే). అంటే ఒక్కో స్వరానికి 21 బైట్లు, ఎనిమిది స్వరాలకి 168.

తర్వాత 500 బీప్ అన్న ముక్కని విడదీసి మోత అని వేరే మాట చేశాను. దాని పేరుకీ రెండక్షరాలే. అప్పుడు స్వరం ఇలా అవుతుంది:

: స 478 మోత ;

మోతకి 17, ఒక్కో స్వరానికి 17. మొత్తం 153. పదిహేను బైట్లు మిగిలాయి! నవ్వకండి, తొమ్మిది వందల్లో పదిహేను అంటే తక్కువేం కాదు. పైగా స్వరం ఎంతసేపు మోగాలో మార్చాలంటే ఇప్పుడు ఒక్కచోట మారిస్తే చాలు. మంచి ప్రోగ్రామర్లకి పాఠాల్లో చెప్పే శుభ్రత ఇక్కడ బతుకుతెరువు.

ఇదే బేసిక్‌లో అయితే? జడ్ఎక్స్81 కూడా 1కె యంత్రమే. దాని బేసిక్ ప్రోగ్రాములో 500 అని రాస్తే, మూడు అంకెలూ మూడు బైట్లు, ఆ వెనకే కనపడకుండా ఒక గుర్తు బైటు, ఆపై అదే సంఖ్య, యంత్రం లెక్కలు చేసుకునే ఐదు బైట్ల రూపంలో. మొత్తం తొమ్మిది. ఏస్‌లో నాలుగు. పైగా జడ్ఎక్స్81లో తెర కూడా ఆ 1కెలోంచే తింటుంది, ఏస్‌లో తెర ఇల్లు వేరు. కాబట్టి రెండు 1కెలూ ఒకటి కావు. ఏస్ 1కెలో కాస్తో కూస్తో పని జరుగుతోందంటే అది ఫోర్త్ చలవే.

ఇంకో సంగతి. మామూలు ఫోర్త్‌లో ప్రోగ్రాము పాఠం వేరే చోట, డిస్కులో, ఉంటుంది. ఏస్‌కి డిస్కు లేదు, పాఠం దాచుకునే చోటు లేదు. విక్కర్స్ ఏం చేశాడంటే, కంపైలయిన (యంత్రం నడిపే రూపంలోకి మారిన) మాటనే వెనక్కి చదివి పాఠంగా మార్చి చూపించే లిస్ట్ అనే మాట పెట్టాడు. ఎడిట్ అంటే ఆ పాఠం దిద్దుకోవచ్చు, రీడిఫైన్ అంటే కొత్తది పాతదాని చోటులో కూర్చుంటుంది, దాన్ని వాడుకునే మిగతా మాటలన్నీ కూడా సర్దుకుంటాయి. దీన్ని దశాంశ లెక్కలతో, టేపు పనితో, ఎడిటర్‌తో కలిపి 8కెలో ఇమిడ్చాడు. నాకు తెలిసి ఆ ఏడాది వచ్చిన హోమ్ కంప్యూటర్ల రోముల్లో ఇంతకన్నా తెలివైనది లేదు. తప్పు పట్టాలంటే ఒక్కటే: ఏదైనా తేడా వస్తే ఎర్రర్ 2 అని ఒక అంకె మొహాన కొడుతుంది. స్టాకులో లేనిదాన్ని తీయబోయావని అర్థం. అది మాన్యువల్ చూసి తెలుసుకోవాలి.

అయితే ఎందుకు మునిగింది? వాళ్ళ 89.95 పౌండ్లకి ఇంకో 35 కలిపితే 16కె స్పెక్ట్రమ్ వస్తుంది. రంగులొస్తాయి, ఆటలొస్తాయి, పత్రికల్లో అచ్చయ్యే బేసిక్ ప్రోగ్రాములన్నీ కొట్టుకోవచ్చు. ఏస్ కొన్నవాడు ఆటలు ఆడాలంటే ముందు మెమరీ ప్యాక్ కొనాలి, ఆ ఖర్చుతో తేడా కరిగిపోతుంది. పిల్లాడికి కంప్యూటర్ కొనిద్దామని కొట్టుకెళ్ళిన తండ్రి ఏది కొంటాడు? భాష సంగతి ఆయన దాకా రానే రాదు. నలుపు తెలుపు తెరా, 1కె ర్యామూ చంపాయి ఏస్‌ని. సొంత చిప్ చేయించుకునే డబ్బు లేక బోర్డు నిండా టీటీఎల్ పరవాల్సి రావడం వల్ల, ర్యామ్‌కి పెట్టాల్సిన పైసలు అక్కడ ఖర్చయ్యాయని నా అనుమానం. స్పెక్ట్రమ్‌ని యూఎల్ఏతో అంత చవగ్గా చేసిన మనుషుల్లో ఆల్ట్‌వాసర్ ఒకరు. తన పాత పనితోనే తను పోటీపడాల్సి వచ్చింది.

జూన్, టేపు

కరెంటు తీస్తే అన్నీ పోతాయి కాబట్టి సేవ్ చేసుకోవాలి. క్యాసెట్ రికార్డరు బదులు ల్యాప్‌టాప్ మైక్‌లోకి ఆడాసిటీతో రికార్డు చేసి, ఆ ఫైలుని ఫోన్‌తో వినిపిస్తున్నాను. సేవ్ మొదటిసారే కుదిరింది. లోడ్ మాత్రం మొండికేసింది.

స్కోపులో చూస్తే కారణం తెలిసింది. ఏస్ సేవ్ చేసిన శబ్దం చతురస్రపు అలలు. ఫోన్‌లో "సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్" అనేది మనకి తెలియకుండా ఆన్‌లో ఉంటుంది. అది బాస్ పెంచి, మూలలు గుండ్రం చేసి, పొడుగు పల్స్‌కీ పొట్టి పల్స్‌కీ తేడా మసకబార్చేస్తోంది. దాన్ని ఆపేసి, ఈక్వలైజర్ తీసేసి, వాల్యూమ్ నిండా పెట్టి, దారిలో ఎల్ఎం393 కంపారేటర్ (అలని మళ్ళీ పదునుగా చేసే చిప్) ఒకటి కట్టాను. అప్పట్నుంచి లోడ్ ఆగట్లేదు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మర్చిపోవద్దు, మధ్యలో వాట్సాప్ వస్తే "టింగ్" కూడా డేటానే.

జూన్ చివర

అక్షరాల ర్యామ్ గురించి పైన చెప్పాను కదా. 128 అక్షరాలు, ఒక్కోదానికి ఎనిమిది బైట్లు, 11264 చిరునామా నుంచి. ఆన్ చేయగానే రోమ్ అందులో ఇంగ్లీషు ఆకారాలు నింపుతుంది. తర్వాత వాటిని మనం మార్చుకోవచ్చు. ప్రాసెసర్ అందులో రాయగలదు గానీ తిరిగి చదవలేదు. ఆ దారి వేయలేదు, ఆ మేరకు చిప్‌లు మిగిలాయి.

తెలుగువాడి చేతికి ఇలాంటిది దొరికితే ఏం చేస్తాడో చెప్పాలా? మాన్యువల్లో విక్కర్స్ చూపిన పద్ధతినే నా పేరుతో పెట్టుకున్నాను:

: అచ్చు 8 * 11263 + డూప్ 8 + డూ ఐ సీ! -1 +లూప్ ;

ఎనిమిది గీతలు, అక్షరం కోడు స్టాకు మీద పెట్టి దీన్ని పిలిస్తే కింది గీత నుంచి పైకి రాసుకుంటూ పోతుంది. ఏస్‌లో అంకెల ఆధారాన్ని రెండుకి మార్చుకోవచ్చు, అప్పుడు చుక్కలు నేరుగా కొట్టొచ్చు. మొదటి అక్షరంగా 'ర' ఎంచుకున్నాను, గుండ్రం మీద తలకట్టు, అంతే కదా:

00000010
00100100
00011000
00111100
01000010
01000010
01000010
00111100

డెసిమల్ అని మామూలు లెక్కకొచ్చి, 114 అచ్చు అని కొట్టాను. 114 ఇంగ్లీషు చిన్న 'ఆర్' కోడు. ఎంటర్ నొక్కిన క్షణంలో, తెర మీద అప్పటికే ఉన్న ప్రతి చిన్న 'ఆర్' కూడా 'ర' అయి కూర్చుంది. అది తెర మీద కొత్తగా గీసింది కాదు, ఆకారం మారింది కాబట్టి దాన్ని వాడుకునే గళ్ళన్నీ ఒకేసారి మారాయి. ఆపై కీబోర్డులో ఆ మీట ఎప్పుడు నొక్కినా 'ర' పడుతోంది. పై వాటా పెద్దాయన్ని పిలిచి చూపించాను. "తలకట్టు బాగానే కుదిరింది, దీర్ఘం ఎక్కడ పెడతావయ్యా?" అన్నారు.

సరైన ప్రశ్నే. ఎనిమిది చుక్కల్లో ర, గ, ప లాంటివి సర్దుకుంటాయి. గుణింతాలూ వత్తులూ వస్తే చాలదు. అక్షరానికి నాలుగు గళ్ళు, పదహారు చుక్కల చదరం ఇస్తే 'తెలుగు' అన్న మూడు అక్షరాలకి పన్నెండు గళ్ళు, 96 బైట్లు. అవి అక్షరాల ర్యామ్‌లోవి కాబట్టి ప్రోగ్రాము 1కెలోంచి పోవు. కానీ ఆ చుక్కల అంకెల్ని ప్రోగ్రాములోనే దాచుకుంటే అంకెకి నాలుగు బైట్ల చొప్పున 384 అవుతాయి, అంటే దాదాపు సగం ఇల్లు. అందుకని టేపులో బైట్లని నేరుగా దాచే బీసేవ్, బీలోడ్ మాటల్ని వాడుకోవాలి. ముందు ప్రోగ్రాము ర్యామ్‌లో 96 బైట్ల చోటు చేసుకుని అక్కడ నింపి, అక్కణ్ణుంచి సేవ్ చేసి, తర్వాత 11264కి అవతల లోడ్ చేసేస్తే డిక్షనరీలో (మన మాటలు దాచుకునే చోట) ఒక్క బైటు కూడా ఖర్చవదు.

గళ్ళ కాగితం మీద తె, లు, గు గీసి పెట్టాను. 'లు' కొమ్ము పదహారు చుక్కల్లో కుదరక రెండు సార్లు చెరిపాను, ఇప్పుడు బాగానే వచ్చింది. ఈ వారం టేపు ఫైలు చేస్తాను. ఆ తర్వాత జనరల్ పర్పస్ బోర్డు మీది వైర్ల అడవిని తీసేసి సరైన పీసీబీ వేయించాలి. మెమరీ ప్యాక్‌కి వెనక ఎడ్జ్ కనెక్టర్ చోటు వదిలాను గానీ, ప్యాక్ మాత్రం ఇప్పట్లో కట్టను.